నోవహు ఇనుప బిళ్లలు

కెనడాలోని విండ్సర్‌లో నోవహు ఇంటికి భోజనానికి వెళ్లాలంటే తెలుగువాళ్లకి కాస్త జంకు. గ్లోరియా వండే రొయ్యల బిర్యానీకి వంక పెట్టేవాడు లేడు. జంకల్లా బిర్యానీకి ముందు ఆమె మొగుడి వెంట బేస్‌మెంట్ మెట్లు దిగాల్సి వస్తుందని. అక్కడ నల్ల వెల్వెట్ పరిచిన అద్దాల బీరువాలో, చిన్న చిన్న లైట్ల కింద నోవహు త్సుబాలుండేవి.

త్సుబా అంటే జపాన్ కత్తికి పిడికీ అలుగుకీ మధ్య తొడిగే ఇనుప బిళ్ల. పట్టుకున్నవాడి చెయ్యి అలుగు మీదికి జారకుండా ఆపుతుంది. ఇంతకుమించి చెప్పడానికేముంటుందని అతిథులు అనుకునేవారు. నోవహుకి మాత్రం చెప్పేకొద్దీ ఊరేది.

"ముట్టుకోకండి, చూడండంతే. ఈ నలుపు రంగు కాదండీ, కొన్ని వందల ఏళ్ల చేతి చెమట. చెవి పెట్టి వినండి, ఈ ఇనుము మాట్లాడుతుంది" అనేవాడు. ప్రేయర్ మీటింగ్‌కి వచ్చిన పాస్టరు గారు ఒకసారి ఆకలి మీదుండి, ఆ మాటకి అలవాటుగా "ఆమెన్" అనేశారు. నోవహు దాన్ని కూడా మెప్పు కిందే జమ వేసుకున్నాడు.

అతను పనిచేసేది కార్ల విడిభాగాల ప్లాంటులో, క్వాలిటీ ఇన్‌స్పెక్టరుగా. పోత పోసిన బ్రాకెట్ మీద వెంట్రుకంత గీత కనిపించినా తీసి రిజెక్ట్ తొట్టిలో పడేసేవాడు. అతని కన్నంటే లైన్లో వాళ్లకి హడలు. ఆ కన్నే ఇంటికొచ్చి అద్దాల బీరువా ముందు నిలబడేసరికి డ్యూటీ దిగిపోయేది.

దానికి కారకుడు డగ్లస్. పళ్ల డాక్టరుగా రిటైరై ఆ ఊళ్లో ఖడ్గ కళా సమితి అనే దాన్ని పెట్టి, దానికి తనే అధ్యక్షుడైన పెద్దమనిషి. నెలకోసారి లైబ్రరీ వెనక గదిలో సమావేశం. సభ్యుల దగ్గరున్న త్సుబాలన్నీ ఆయన తెప్పించినవే. ఎక్కడి నుంచి అంటే, "క్యోటోలో ఒక పాత వంశం. పేరు బయటపెట్టనని మాటిచ్చాను" అని గొంతు తగ్గించేవాడు. కొత్త బిళ్ల రాగానే తెల్ల గ్లవుజులు తొడుక్కుని, కళ్లు మూసుకుని దాన్ని వాసన చూసేవాడు. "కొండగాలి" అనేవాడు. అందరూ తలలూపేవాళ్లు. అది అసలుదేనని బంగారు రంగు ముద్రతో సర్టిఫికెట్ వచ్చేసేది. పైగా ఆయన నోవహుని జపాన్ వాళ్ల మర్యాదలో "నోవా-సాన్" అని పిలిచేవాడు. ఆ పిలుపు వినపడిందంటే ఆ రోజల్లా నోవహు కాళ్లు నేల మీద ఆనేవి కావు.

ఆ వేసవిలో రేపల్లె నుంచి అత్తగారు బాలకుమారి వచ్చింది. ఊరికే కూర్చోవడం చేతకాని మనిషి. వచ్చిన వారానికే ఇంట్లో గిన్నెలన్నీ తళతళలాడించి, ఇక తోమడానికేమీ దొరక్క దిగులు పడుతోంది. ఒక శనివారం కూతురు నర్సింగ్ హోమ్ షిఫ్టుకీ, అల్లుడు ఓవర్‌టైముకీ వెళ్లాక బట్టలు ఆరేద్దామని బేస్‌మెంట్‌లోకి దిగింది.

నోవహు తిరిగొచ్చేసరికి త్సుబాలన్నీ డైనింగ్ టేబుల్ మీద, కిరాణా షాపు ఫ్లయర్ల మీద వరసగా ఆరుతున్నాయి. కొత్త నాణేల్లా మెరుస్తున్నాయి.

"వచ్చారా బాబూ? ఎన్నాళ్ల జిడ్డో! పాపం మా అమ్మాయికి తీరికేదీ? చింతపండూ ఉప్పూ వేసి పీచుతో రుద్దేశాను. రెక్కలు పడిపోయాయనుకోండి."

నోవహు కుర్చీలో కూలబడ్డాడు. "అత్తయ్యగారూ, అది జిడ్డు కాదండీ."

"కాకపోవడమేంటి? షూ పాలిష్ లాగా నల్లగా కారింది. వాసన కూడా అదే. ఈ పిట్టల మీద పసుపు రంగైతే చెయ్యి తగలగానే రాలింది."

కోపం గొంతు దాకా వచ్చింది గానీ పెద్దావిడని ఏమనగలడు? తనకి అన్నిటికంటే ప్రాణమైన దాన్ని, చంద్రుడి ముందు కొంగలెగిరే బిళ్లని చేతిలోకి తీసుకున్నాడు. జాలిగా అంచు నిమిరాడు. గోటికేదో తగిలింది. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతుర్లో తిప్పాడు. అంచు చుట్టూ సన్నటి గీత. అచ్చు రెండు చెక్కలూ కలిసిన చోట పోతలో పడే గీత. సుత్తితో సాగగొట్టిన ఇనుముకి అది రమ్మన్నా రాదు. ప్లాంటులో ఇలాంటి దాన్ని నడుస్తూ నడుస్తూనే పట్టుకునేవాడు. గబగబా మిగతావీ చూశాడు. అన్నిటికీ ఉంది. రెండిటికైతే ఒకే చోట ఒకే సూదిమొన గుంట కూడా ఉంది.

గ్లోరియా వచ్చి టేబుల్ చూసి, తల్లిని చూసి, మొగుణ్ణి చూసింది. "ఏమైందండీ?"

"అన్నీ పోతవే గ్లోరియా. మా ప్లాంటులో అయితే నేనే రిజెక్ట్ కొట్టేవాణ్ణి."

గ్లోరియాకి నవ్వు ముంచుకొచ్చింది. అతని మొహం చూసి మింగేసింది.

తర్వాతి సమావేశానికి నోవహు కొంగల బిళ్లని పట్టుకెళ్లాడు. డగ్లస్ కళ్లు మూసుకుని వాసన చూసి, "అద్భుతం. ముసుగు తీశాక దాని ఆత్మ కనిపిస్తోంది" అన్నాడు.

"ఆత్మ సంగతి తర్వాత డగ్లస్, ఈ గీత చూడండి. ఇది అచ్చులో పోసింది."

"అది ఆ వంశం వాళ్ల గుర్తు, నోవా-సాన్. సంతకం పెట్టని వాళ్లు అలా గీత వదులుతారు."

"మరి షూ పాలిష్?"

డగ్లస్ జాలిగా నవ్వాడు. అప్పుడు ఇళ్లు అమ్మిపెట్టే ఏజెంటుగా చేసి రిటైరైన జెరాల్డ్ అనే సభ్యుడు లేచి, "ఆగు. నీది నకిలీ అయితే నాదేంటి?" అన్నాడు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరి ఇంటి గోడ మీది సర్టిఫికెట్లు వాళ్లకి గుర్తొచ్చాయి. కెనడా ప్రజాస్వామ్య దేశం కాబట్టి డగ్లస్ ఓటింగ్ పెట్టాడు. బిళ్ల అసలుదేనని చేతులన్నీ లేచాయి, నోవహు చెయ్యి తప్ప.

"వచ్చే నెల జపాన్ నుంచి నిపుణులు టొరంటో వస్తున్నారట. వాళ్లకే చూపిద్దాం" అన్నాడు నోవహు.

దాని మీదా ఓటింగ్ జరిగింది. బయటివాళ్లకి సమితి సేకరణని అర్థం చేసుకునే స్థాయి లేదని తీర్మానమైంది.

నోవహు ఒక్కడే కారేసుకుని వెళ్లాడు. టొరంటోలో ఒక హోటల్ హాల్లో బల్ల వెనక ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. సాదా కోటు. గ్లవుజులు లేవు, దేన్నీ వాసన చూడటం లేదు. పక్కన మిడోరి అనే అమ్మాయి ఆయన మాటలు ఇంగ్లిష్‌లో చెబుతోంది. నోవహు ముందున్న మనిషి తెచ్చిన కత్తి పిడి ఊడదీసి, పిడి లోపల దాగే అలుగు తోక మీద చెక్కిన పేరు చూసి, ఆ సంతకం దొంగదని చెప్పారు. ఆ మనిషి కత్తిని టవల్లో పసిబిడ్డలా చుట్టుకుని, ఎవరివైపూ చూడకుండా వెళ్లిపోయాడు.

ముసలాయన కొంగల బిళ్లని రెప్పపాటు చూసి, జపనీస్‌లో చాలాసేపు మాట్లాడాడు.

"చాలా శుభ్రంగా ఉందంటున్నారు" అంది మిడోరి.

"ఇంకా?"

"అంతే."

"అసలుదేనా అండీ?"

మిడోరి ఇబ్బందిగా కదిలింది. "ఆకారం మాత్రం త్సుబాదేనట."

తెలిసిన సంగతే అయినా నోవహు కళ్లు చెమ్మగిల్లాయి. ముసలాయన అది గమనించాడేమో, తన పెట్టెలోంచి ఒక బిళ్ల తీసి అతని అరచేతిలో పెట్టాడు. కొంగల్లేవు, చంద్రుడు లేడు, బంగారం అసలే లేదు. వట్టి ఇనుము. అంచులు అరిగిన సబ్బులా నున్నగా ఉన్నాయి. సుత్తి దెబ్బలు పడ్డ చోట్ల వెలుగు నిలిచీ నిలవకుండా జారిపోతోంది. నోవహు దాన్ని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. బేస్‌మెంట్‌లో అంత ధారాళంగా వచ్చే మాటల్లో ఒక్కటీ నోటికి రాలేదు.

"ఎలా ఉందని అడుగుతున్నారు" అంది మిడోరి.

"తెలియడం లేదండీ" అన్నాడు నోవహు.

ముసలాయన అప్పటిదాకా ఎవరికీ చూపించని నవ్వొకటి నవ్వి, కాలితో కుర్చీ ఇటు నెట్టి కూర్చోమన్నాడు. టీ తాగే విరామమంతా, ఒకదాని తర్వాత ఒకటి అతని చేతిలో పెడుతూనే ఉన్నాడు. వెళ్లేటప్పుడు మిడోరి, టొరంటోలో తాము నడిపే కత్తుల అధ్యయన బృందం గురించి చెప్పింది. "కొత్తవాళ్లు మాట్లాడకూడదు, చూడటమే. పర్వాలేదా?"

నోవహు ఆ ఫలితాన్ని విండ్సర్‌లో చెప్పాడు. వస్తువుల గౌరవానికి భంగం కలిగించాడని సమితి అతన్ని తీసేసి, అదే ఊపులో డగ్లస్‌ని శాశ్వత అధ్యక్షుణ్ణి చేసింది. నోవహుకి ఆ రాత్రి కాస్త ఏడుపొచ్చింది. "నోవా-సాన్" అని పిలిచేవాళ్లు ఇక లేరు కదా మరి.

నవంబర్‌లో మంచు పడుతున్న హైవే మీద వెళ్లి బృందంలో కూర్చున్నాడు. అలుగొకటి చేతులు మారుతూ అతని దాకా వచ్చింది. తుప్పు పట్టకుండా పూసిన లవంగ నూనె వాసనేస్తోంది. దీపం కింద వాలుగా పట్టుకుంటే, పదును వెంబడి తెల్లటి పొగమంచు లాంటిది కనిపించి, అలుగు కాస్త తిప్పగానే మాయమైంది. నోవహు ఊపిరి బిగబట్టి దానికోసం వెతికాడు. దొరకలేదు. పక్కాయన చెయ్యి చాచాడు.

నోవహు అలుగుని అతనికి అందించి, రూలు మర్చిపోయి గట్టిగానే అడిగేశాడు. "అందరిదీ అయ్యాక ఇంకోసారి చూడొచ్చా?"