బామ్మర్ది బండి, నా రంపం

హయూయా కొండమీద నా వడ్రంగి కొట్టానికి కరెంటు తీగ ఏనాడూ రాలేదు. ఉన్న జనరేటరు కూడా చచ్చింది. కిందూళ్లో ఇరైదా తెరుస్తున్న రొట్టెల దుకాణానికి నేను పెద్ద బల్ల చేసివ్వాలి. సాయంత్రం ఫాదర్ గారు వచ్చి దుకాణం దీవించేలోపు అందకపోతే ప్లాస్టిక్ బల్ల తెచ్చుకుంటానంది. అదే జరిగితే ఇక నన్ను పనికి పిలిచే దిక్కుండదు.

గత్యంతరం లేక బామ్మర్ది ఎలియేసర్‌ని అడిగాను. వాడిది బ్యాటరీతో నడిచే కరెంటు ట్రక్కు. దాని ప్లగ్గులో తగిలిస్తే నా రంపం వెన్న కోసినట్టు కోసింది. పైగా బండి చప్పుడు చేయదు. పెద్ద తుఫాను నాటి నుంచి మా ఊళ్లో ఇళ్లకు కరెంటు నిలకడగా ఉండదు, ఎవరింట జనరేటరు మోగితే వాళ్లింటికి అందరూ వైర్లు పట్టుకొస్తారు. కాదనకూడదు. ఈసారి ఎవరికీ తెలియదులే అని సంబరపడ్డాను.

వాడు ఊరుకుంటేగా!

"ఇంత బండి కొన్నది ఎవరికీ తెలియకుండా చావడానికా బావా?" అని తలుపులన్నీ తెరిచి పాటలు పెట్టాడు.

ముందుగా పక్కింటి ప్రొవిదెన్సియా పిన్ని కరెంటు కుక్కరుతో దిగింది. "పాట వినబడింది. బియ్యం కడిగే తెచ్చాలే." వెనకే ఇద్దరు ఆమె వాషింగ్ మెషీను మోసుకొస్తున్నారు.

"పిన్నీ, అది కూడానా?"

"నీ రంపం తాగేదాంట్లో ఇదెంత! ఏడవకు."

బ్యాటరీలో కొంత మిగలగానే బయటికి కరెంటివ్వడం ఆపుకునే ఏర్పాటు ఆ బండికి ఉంది. జనం ముందు గొప్పకు ఎలియేసర్ దాన్ని కూడా తీసేశాడు. నేను బల్లకు చివరి నునుపు పట్టేసరికి బండి కదలనని భీష్మించుకుంది.

"ఇప్పుడు బల్లను నీ నెత్తిమీద మోస్తావా?" అని వాడి మీద అరిచాను.

"అరవకు," అంది పిన్ని. "కరెంటు తిన్నవాళ్లమే మోస్తాం."

ఆరుగురు భుజాలకెత్తుకున్నారు. తుంపర మొదలైతే పిన్ని అప్పుడే ఉతికిన తెల్ల దుప్పటి కప్పింది. బండి ఆగిపోయిందని ఎలియేసర్ ఏడుస్తూ ముందు నడిచాడు.

కార్లు పక్కకు ఆగాయి. మగాళ్లు టోపీలు తీశారు. పోలీసు ట్రాఫిక్ ఆపి శిలువ గుర్తు వేసుకున్నాడు. ఒక ముసలాయన ఎలియేసర్ భుజం తట్టి, "గుండె దిటవు చేసుకో నాయనా," అన్నాడు. వాడు ఇంకా గొల్లుమన్నాడు. వెనక నడిచొస్తున్న జనంలో ఎవరో జపమాల ప్రార్థన ఎత్తుకున్నారు.

దుకాణం ముందు దించగానే ఫాదర్ గారు పవిత్ర జలం చల్లి, ఆత్మశాంతికి ప్రార్థన అందుకున్నారు.

"ఫాదర్! అది నా బల్ల!" అని ఇరైదా దుప్పటి లాగేసింది.

అంతా నోళ్లు తెరిచారు. అంతదూరం నడిచొచ్చి ఉత్త చేతుల్తో పోవడం బాగుండదని తలో రొట్టె కొనుక్కున్నారు. ఇరైదా బల్ల అంచు నిమిరి చూసింది. వంక పెట్టలేదు. ఆమె నోట అదే మెప్పు.

ముసలాయన మాత్రం కదల్లేదు. చెక్కను వేలితో కొట్టి విన్నాడు.

"మంచి కర్ర. నాకూ ఒకటి చెయ్యి మేస్త్రీ. ఇంత పొడుగక్కర్లేదు, మూత మాత్రం పెట్టు."