వీరనారి బరువెత్తిన తీరు

ఆ స్టూడియోలో అందరూ ఆమెను పెన్సిలమ్మ అనేవారు. యానిమేషన్ సినిమాల్లో బొమ్మలను కదిలించే పని ఆమెది. మిగతావాళ్లంతా నేరుగా కంప్యూటర్ మీదే గీస్తుంటే, ఆమెకు మాత్రం ముందు కాగితం మీద గీసుకుంటేగాని చెయ్యి ఆడేది కాదు.

ఆ ఏడు వాళ్లు, డెబ్బయ్యేళ్లుగా పిల్లలు చదువుతున్న ఒక కామిక్ పుస్తకంలోని వీరనారి మీద సినిమా తీస్తున్నారు. పెన్సిలమ్మ ఆ పుస్తకాలను అట్టలూడేదాకా చదివిన మనిషి. అందుకే అసలు ఘట్టం తనకే కావాలని పట్టుబట్టి తీసుకుంది. కూలిన ఇంట్లో వీరనారి ఒక భుజాన దూలాన్ని మోస్తూ, దాని కింద ఇరుక్కున్న ముసలాయన్ని లేపి కూర్చోబెట్టాలి. తెర మీద ఆరు సెకన్లు. గీయడానికి మూడు వారాలు.

మూడుసార్లు గీసింది. మూడుసార్లూ దర్శకురాలు పెదవి విరిచింది.

"పళ్లు బిగించింది, మెడనరాలు పొంగాయి, అంతా బాగానే ఉంది. కానీ దూదిమూట ఎత్తినట్టుందమ్మా. బరువేదీ?"

ఆదివారం పొద్దున పెన్సిలమ్మ మొహం వేలాడేసుకుని పెద్దమ్మ ఇంటికి వెళ్లింది. పెద్దమ్మ ఆసుపత్రిలో ముప్పయ్యేళ్లు ఆయాగా చేసింది. ఊదితే ఎగిరిపోయేలా ఉంటుంది. సంగతంతా విని, చేతిలో చీపురు పక్కన పెట్టింది.

"నువ్వు రోగివి. అలా పడుకో."

పెన్సిలమ్మ నేల మీద పడుకుంది. పెద్దమ్మ వంగి చెవి దగ్గర మెల్లగా, "లేపుతున్నానమ్మా" అంది. ఒక కాలు ముందుకు వేసి, మోకాళ్లు వంచి, వీపు కింద చెయ్యి పోనిచ్చింది. ఎప్పుడు లేచి కూర్చుందో పెన్సిలమ్మకే తెలియలేదు.

"చెప్పకుండా పట్టుకున్నావనుకో, భయంతో బిగుసుకుపోతారు. బరువు రెట్టింపవుతుంది. ఇంకోటి, ఎంత కష్టమైనా మొహం చిట్లించకూడదు. వాళ్లు నీ మొహమే చూస్తుంటారు. మనం ఇంత భారమైపోయామా అని కుమిలిపోతారు."

"మరి ఆ కష్టమంతా ఎక్కడికి పోతుంది పెద్దమ్మా?"

"కాళ్లలోకి."

పెన్సిలమ్మ "ఇంకోసారి లేపు, కాళ్లు చూస్తాను" అని కాగితాలు ముందేసుకుంది. ఈసారి పక్కింటావిడ రోగి అయింది. మధ్యాహ్నానికి నలభై కాగితాలు పెద్దమ్మ మడమలతో, వేళ్లతో నిండిపోయాయి.

నాలుగోసారి గీసిన బొమ్మలో వీరనారి పాదాలు మట్టిలో దిగబడ్డాయి, పిక్కలు వణికాయి. మొహం మాత్రం నిమ్మళంగా ఉంది. లేపేముందు ముసలాయన చెవిలో ఏదో చెప్పింది. రాసిచ్చిన కథలో లేని మాట అది. కథ రాసినాయన అభ్యంతరం చెప్పబోయాడు గానీ, దర్శకురాలు చెయ్యెత్తి ఆపింది. "మళ్లీ వెయ్యండి" అంది. ఆ ఆరు సెకన్లు ఐదుసార్లు చూసింది. ఆఖరిసారి కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

సినిమా విడుదలయ్యాక పెన్సిలమ్మ పెద్దమ్మను హాలుకు తీసుకెళ్లింది. ఆ ఘట్టం రాగానే, అప్పటిదాకా గోల చేస్తున్న పిల్లలందరూ ఊపిరి బిగబట్టి చూశారు. పెద్దమ్మ ముందు కుర్చీ మీదికి వంగి, తెర మీద వీరనారి కాళ్లనే పరీక్షగా చూసింది.

"పిల్లకి పని తెలుసు" అంది మెచ్చుకోలుగా. వెనక్కి వాలుతూ, "కానీ చెయ్యి తీసేయడంలో కొంచెం తొందరపడింది" అంది.

నిజమే. నిడివి ఎక్కువైందని అక్కడ పది బొమ్మలు కోసేశారు. ఆ సంగతి స్టూడియోలో నలుగురికి తప్ప ఎవరికీ తెలియదు.