గూటి కింద చోటు

పాపాయమ్మ కాలువలో పడి చనిపోయినప్పుడు పడవలో సగం ఖాళీగా ఉంది. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. జనం ఎక్కువై మనిషి పోయిందని కంట్రాక్టరు చెప్పాడు, అధికారులు తలూపారు. కళ్లున్నవాడెవడూ నమ్మకూడని అబద్ధం అది.

రైలు ఇంకా రాని రోజులవి. ధవళేశ్వరం నుంచి కాకినాడ పోవాలంటే కాలువ మీద పడవే దిక్కు. గట్టు మీద మనుషులు భుజానికి తాడు వేసుకుని లాగితే పడవ కదిలేది. ఆ పడవలు నడిపే హక్కు కంట్రాక్టరు పల్లంరాజు వేలంలో పాడుకున్నాడు. పడవ నడుమ నుంచి వెనకదాకా తాటాకు గూడు ఉండేది. దాని కింద కరణంగారు, షావుకార్లు, వాళ్ల చుట్టాలు చాపలు పరుచుకుని, కాళ్లు బారజాపుకుని, తాంబూలం నములుతూ పోయేవారు. కోతలకు వెళ్లే మాల మాదిగలు మాత్రం ముందున్న పలకల మీద ఒకరినొకరు తొక్కుకుంటూ నిలబడాలి. గూటి కిందికి వాళ్ల నీడ కూడా పోకూడదు. వాళ్లిచ్చే డబ్బులకు మాత్రం మైల లేదు! చెబుతుంటేనే నాకు నోరు చేదెక్కుతోంది.

బరువంతా ముందే ఉంటే పడవ ముక్కు మునగదా? మునిగింది. నీళ్లు పలకల మీదికి పొర్లాయి. పాపాయమ్మ కాలు జారింది. గట్టు మీద తాడు లాగేవాళ్లు ఆగబోతే, గూట్లోంచి ఎవరో, "ఎండెక్కుతోంది, పోనివ్వండ్రా" అన్నారు. శవం వేమగిరి దగ్గర తేలింది. పాలు తాగే పాపాయమ్మ కొడుకు ఆమె చెల్లెలు రూతు చేతిలో పడ్డాడు.

ఆమె ఉండే ధవళేశ్వరం కూలీల పేటవాళ్లు మొరపెట్టుకుంటే ఓ అధికారి గొడుగు కింద వచ్చి చూసి వెళ్లాడు. ఆ తర్వాత పల్లంరాజు పడవ ముక్కు చుట్టూ వెదురు కంచె కొట్టించాడు. "ఇక ఎవరూ పడరండి" అన్నాడు. ఎవరూ పడరు కాబట్టి ఇంకొంతమందిని ఎక్కించాడు. బస్సు ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ కాలేజీకి పోయే తమ్ముళ్లూ, రద్దీ తీర్చడమంటే పైవాళ్లకు ఎప్పుడూ ఇదే.

ఆదివారం ప్రార్థన అయ్యాక పేటలో అందరూ ప్రార్థన పాకలోనే కూర్చున్నారు. మిషను బళ్లో చదువు చెప్పే యెహెజ్కేలు లేచాడు.

"మనకు వేరే పడవ వేయించమని కలెక్టరు దొరగారిని అడుగుదాం."

"వేరే పడవెందుకండి మేష్టారూ?" అంది రూతు. "ఉన్నదాంట్లో సగం ఖాళీగా పోతోంది గదండీ. మా అక్క పడిపోయినప్పుడు గూట్లో కరణంగారి పరుపు పడుకునుందండి. మనిషి కాదండి, పరుపు!"

"గూట్లోకెళ్తే తన్నేత్తారమ్మా" అన్నాడు ముసలి అబ్బులు.

"నీళ్లలో పడితే ముద్దెట్టుకుంటున్నారా బాబాయ్?"

తాడు లాగేవాళ్ల పెద్ద గంగయ్య గుమ్మం బయటే నిలబడి ఉన్నాడు. చేపలు పట్టే కులం వాడు. పేటలో మంచినీళ్లు ముట్టడు, లోపలికి రాడు. వాడి భుజం పచ్చిపుండు, అయినా వాడికీ తన కింద ఓ మెట్టు కావాలి!

"మీరు గూట్లోకెళ్తే నా పని పోద్దండి" అన్నాడు. "నాకూ పిల్లలున్నారు."

"ముక్కు మునిగిన పడవని లాగి లాగే గదా ఆ పుండు?" అంది రూతు. "మేం అటూ ఇటూ సర్దుకుంటే మీకే తేలిక గదండీ."

గంగయ్య భుజం తడుముకుంటూ వెళ్లిపోయాడు. లోపల చాలాసేపు అరుచుకున్నారు. ఏదీ తేలక, వచ్చే ఆదివారం మళ్లీ చూద్దామన్నారు. మనవాళ్ల మీటింగులు అప్పుడూ అంతే.

కానీ కోతలు ఆదివారం దాకా ఆగవు. మర్నాడు పొద్దున్నే అందరూ అదే పడవ ఎక్కారు. పడవ ఇంకా రేవు వదలకముందే వెనకనుంచి తోస్తున్నారు, ముందు వెదురు కంచె. రూతు గుండెకూ కంచెకూ మధ్య పిల్లవాడు నలిగిపోతున్నాడు. గుక్కపెట్టి ఏడ్చినవాడు ఉన్నట్టుండి ఏడుపు ఆపేశాడు. పెదవులు నల్లబడ్డాయి.

రూతు ఎవరినీ అడగలేదు. సందు చేసుకుని వెనక్కి వచ్చి, తల వంచి, గూటి కిందికి వెళ్లి చాప మీద కూలబడింది. పిల్లవాడి వీపు రుద్దింది. వాడు దగ్గి, కేరుమన్నాడు.

"రామ రామ!" అంటూ కరణంగారు పరుపు వదిలేసి లేచారు. అబ్బులు రూతు వెనకే లోపలికి నడిచాడు. అతని వెనక ఆడవాళ్లు, వాళ్ల వెనక అందరూ. తగలకుండా తప్పించుకోవాలని పెద్దమనుషులంతా పక్కల నుంచి ముక్కు దగ్గరికి పరుగెత్తి, వెదురు కంచె పట్టుకుని నిలబడ్డారు. కాలువలో మునిగినా పోని కంపు వాళ్ల మనసుల్లో ఉంది గానీ, పంచెలు మాత్రం తడవకుండా ఎత్తి పట్టుకున్నారు! పడవ ముక్కు పైకి లేచి సమంగా నిలబడింది.

రేవులో నుంచి పల్లంరాజు కేకలేశాడు.

"ఒరేయ్ గంగయ్యా, తాడు వదలరా! ఆ అలగాజనాన్ని బయటికీడ్చండి!"

గంగయ్య తాడు వంక చూశాడు. తర్వాత దాన్ని భుజానికెత్తుకున్నాడు.

"పడవ తేలిగ్గా ఉందండి రాజుగారూ. ఇప్పుడు ఆపితే ఎలాగండీ?"

లాగాడు. మిగతా మనుషులూ లాగారు. పల్లంరాజు మనుషులు కర్రలతో వచ్చేసరికి పడవ రేవు దాటింది.

గుర్రం మీద కబురు ముందే వెళ్లింది. నీటిమట్టం సరిపడేదాకా పడవలు ఆగే కడియం లాకు తలుపుల దగ్గర పోలీసులు కాచుకుని ఉన్నారు.

"ముందు గూట్లోకెళ్లింది ఎవర్తే?" అన్నాడు జమేదారు.

"నేనేనండి" అంది రూతు.

"ఊపిరాడక అందరం వెళ్లామండి" అన్నాడు అబ్బులు. "పట్టుకెళ్తే అందర్నీ పట్టుకెళ్లండి."

అందరికీ సరిపడా సంకెళ్లు లేవు. రూతును పడవ దించి, గట్టు మీద గంగయ్యను పట్టుకున్నారు. మిగతావాళ్లను బయటికి రమ్మని లాఠీలు ఆడించారు. ఒక్కరూ గూటి కింది నుంచి కదల్లేదు.

కాకినాడ నుంచి వస్తున్న పడవ ఒకటి పక్కనే లాకు తలుపుల కోసం ఆగి ఉంది. దాని ముక్కు మీదా అదే తొక్కిడి, పాదాల మీద అవే నీళ్లు. రూతు చేతులు చాచి పిల్లవాణ్ని ఆ పడవ మీదికి అందించింది. ముఖం ఎరగని ఒక కూలిమనిషి అందుకుంది.

"ధవళేశ్వరం పేటలో దించెయ్యమ్మా. పాపాయమ్మ కొడుకని చెప్పు."

"ఈ తొక్కిడిలో పసివాడు బతుకుతాడా తల్లీ?"

"ఇక్కడ బతకడు" అంది రూతు. "గూట్లోకి తీసుకెళ్లు."

జమేదారు ఆమెను జుట్టు పట్టి ఈడ్చాడు. ఆ కూలిమనిషి అది చూసింది. చంకలో పిల్లవాణ్ని చూసింది. కాళ్ల కిందికి పొర్లుతున్న నీళ్లను చూసింది. తర్వాత తల వంచి గూటి కిందికి నడిచింది. ఆమె వెనక ఆ పడవంతా కదిలింది.