అతుకు మీద అతుకు

ఆ ఇంట్లో పొద్దున్నే పళ్లు తోముకోవడం కన్నా ముందు తలుపులు లెక్కపెట్టాలి. పాత గోడల్లో అప్పుడప్పుడు కొత్త తలుపులు మొలుస్తుంటాయి మరి. గడియలు, మేకులు ఉన్న డబ్బా పట్టుకుని, గోడల్ని వేళ్లతో కొట్టి చూస్తూ ఇల్లంతా తిరగడం ఏడో ఏటి నుంచీ కూతురి పని. కొత్తది కనబడితే గడియ బిగించి, తల్లికి చెప్పి బడికి వెళ్లేది. వీధివాళ్లు ఆమెను తలుపుల పిల్ల అనేవారు. అలా పిలిస్తే ఆమెకు గర్వంగానే ఉండేది.

ఇప్పుడు తలుపుల పిల్లకు కాలేజీలో సీటొచ్చింది. కంప్యూటర్ సైన్సా, సైబర్ సెక్యూరిటీయా అన్నది ఆ సాయంత్రం ఐదింటిలోగా ఫోన్లో నొక్కేయాలి. నొక్కాక నాలుగేళ్లూ అదే, మార్చుకోవడం కుదరదు. ఆమెకు అనుమానమేమీ లేదు. దొంగదారి కనిపెట్టడంలో తనను మించినవాళ్లు లేరు, ఇక ఆలోచించేదేముంది? ఒక ఆఫీసు గేటు దగ్గర సెక్యూరిటీ గార్డుగా చేసే తల్లిదీ అదే మాట. కాపలా పనికి ఏ కాలంలోనూ కొదవుండదంది. తాపీమేస్త్రీ అయిన తండ్రి మాత్రం చదువుల సంగతి తనకేం తెలుసని తప్పుకున్నాడు.

ఆ రోజు లెక్క తొమ్మిది. సరిపోయిందనుకుని వంటింట్లోకి వచ్చేసరికి పక్కింటి తాతగారు స్టూలు మీద కూర్చుని పేపరు చదువుకుంటున్నారు. వీధి తలుపు గడియ ఇంకా తీయనేలేదు.

"ఈ కొత్త తలుపు బాగుందమ్మా, గాలి బాగా వస్తోంది," అన్నారాయన. వాకింగ్ నుంచి వస్తూ తమ ఇల్లే అనుకుని దూరారట. పొయ్యి మీద పాలు కూడా పెట్టారు.

పదో తలుపు ఫ్రిజ్ పక్కన, పోయిన నెలే తండ్రి కట్టిన గోడలో ఉంది. కొత్త గోడ కదా అని ఆమె దాన్ని ఒక్కరోజైనా కొట్టి చూడలేదు. తాతగారు కాబట్టి సరిపోయింది, ఇంకొకరైతే? ఆమె మొహం మాడిపోయింది. తల్లి వచ్చి పొంగబోతున్న పాలు దించింది.

తండ్రి వచ్చి తలుపు చుట్టూ తడిమి చూసి నాలుక కరుచుకున్నాడు.

"తప్పు నాదే. వానొచ్చేలా ఉందని తొందరపడ్డాను. కింది ఇటుకల వరుసలోని అతుకు మీద పై వరుస అతుకు పడకూడదు. పడిందా, అక్కడ తలుపొస్తుంది."

"అన్ని తలుపులూ అలాగే వచ్చాయా?"

"అంతే. ఈ ఇల్లు కట్టింది మా నాన్న. ఆయనదంతా కంగారే."

"పదకొండేళ్లుగా తిరుగుతున్నాను కదా నాన్నా, ఒక్కసారైనా చెప్పలేదేం?"

"ఎక్కడొచ్చిందనే చూశావు గానీ, ఎందుకొచ్చిందని అడగలేదుగా అమ్మా."

ఆ మాట గట్టిగానే తగిలింది. ఆ పూటంతా ఆమె తలుపు దగ్గరే తచ్చాడింది. ఇన్నేళ్లలో కనబడిన ప్రతి తలుపుకూ గడియ బిగించింది, ఒక్క ఇటుక ఎలా కూర్చుంటుందో మాత్రం తెలుసుకోలేదు. ముందు సిగ్గేసింది, తర్వాత మనసు తేలికపడింది. నాలుగున్నరకు ఫోన్ తీసి కంప్యూటర్ సైన్స్ నొక్కేసింది.

"మరి కాపలా?" అంది తల్లి.

"ఎక్కడికి పోతుందమ్మా? కట్టడం వచ్చాక అది నేర్చుకుంటే సగం పనే."

"మా ఆఫీసు ప్రహరీ కట్టినవాడు ఎక్కడైనా దొరికితే నాకు చెప్పు. వాణ్ణి అడగాల్సినవి నాకూ చాలా ఉన్నాయి," అంది తల్లి.

ఆదివారం తండ్రి ఆ గోడ పడగొట్టాడు. కూతురు తాపీ పట్టుకుని ఒక్కో ఇటుకా పేర్చింది. వంకరపోయిన వరుసను ఆయన మూడుసార్లు తీయించాడు, ఆమె మూడుసార్లూ మళ్లీ పేర్చింది.

కాలేజీ మొదలైన రోజు పొద్దున ఆ గోడను ఈ చివర నుంచి ఆ చివరిదాకా కొట్టి చూసింది. ఎక్కడ కొట్టినా గోడే. బస్సుకు వేళైపోతోందని తల్లి కేకేస్తున్నా, ఇంకొక్కసారి కొట్టి ఆ చప్పుడు విన్నాకే కదిలింది.