తేలిన చుక్క

ఇంగ్లండులోని స్టీవెనేజ్‌లో రక్తదాన శిబిరం. నర్సు పార్థసారథి వేలినుంచి ఒక చుక్క తీసి, గాజు గొట్టంలోని ద్రవంలో వేసింది. ఒంట్లో ఐరన్ తగినంత ఉంటే చుక్క మునగాలి. పార్థసారథి చుక్క తేలింది. మూడు నెలలాగి రమ్మంది నర్సు.

వెనకే సుబ్బరాజు ఉన్నాడు. పనిచేసేది పార్థసారథి ఆఫీసులోనే, ఊరు భీమవరం. అతని చుక్క గుండులా మునిగింది.

"మీది రక్తం కాదండి పంతులుగారూ, చారండి" అన్నాడు.

సోమవారానికి ఆఫీసులో తెలుగువాళ్లందరికీ పార్థసారథి చారుగారైపోయాడు. ఆ పేరు పోవాలంటే చుక్క మునగాలి.

"వారానికి ఐదు రోజులు పాలకూర పప్పే కదా, ఆ ఐరనంతా ఎక్కడికి పోతోంది?" అని ఇంట్లో నిలదీశాడు. భార్య స్రవంతి ఫార్మసిస్టు.

"అన్నంలోకి టీ తాగే మనిషిని మిమ్మల్నే చూశాను. పప్పులో ఐరన్‌ని టీలో ఉండే టానిన్ అనే వగరు పదార్థం పట్టేసుకుంటుంది. పాలకూరలో ఉన్నదేమో ఒంటికి సరిగా పట్టదు. పప్పులో నిమ్మకాయ పిండుకోండి. టీ మాత్రం తిన్నాక గంటాగి తాగండి."

గంటంటే అరవై నిమిషాలు. పార్థసారథి గడియారం పట్టుకున్నాడు. ఆఫీసులో లంచ్ కాగానే మేనేజరు అందరికీ టీ పెట్టి తెస్తాడు. వద్దంటే చిన్నబుచ్చుకుంటాడని పార్థసారథి ప్రింటర్ గదిలో దాక్కునేవాడు. ఒక ఆదివారం స్రవంతితో కలిసి హారోలో కస్తూరి ఆంటీ ఇంటికి వెళ్తే, ఆవిడ పెసరట్టు పెట్టి, వెంటనే టీ తెచ్చింది.

"నా చేతి టీ వద్దంటావా?"

"వద్దనడం లేదాంటీ. ఫ్లాస్కులో పోసివ్వండి, ఇంటికెళ్తూ దారిలో హాట్‌ఫీల్డ్ దాటాక తాగుతాను."

స్రవంతి వెళ్లి కారులో కూర్చుంది.

మూడు నెలలకు మళ్లీ శిబిరం. సుబ్బరాజు పక్కనే నిలబడి చూశాడు. చుక్క పడింది, ఒక క్షణం ఆగింది, మునిగింది. పార్థసారథి నర్సుకు రెండుసార్లు థాంక్స్ చెప్పాడు.

రక్తం ఇచ్చి లేచాక, వాలంటీరుగా వచ్చిన పెద్దావిడ టీ, బిస్కట్లు తెచ్చింది. పార్థసారథి గడియారం చూసుకున్నాడు. అన్నం తిని యాభై నిమిషాలైంది.

"ఒక్క పది నిమిషాలాగుతాను" అన్నాడు.

ఆవిడ కప్పు పట్టుకుని నిలబడింది. ఆ కుర్చీ కోసం ఇద్దరు ఎదురుచూస్తున్నారు.

"తాగండి బాబూ, ఆ రక్తం సంచీలోకెళ్లిపోయిందండి. ఇంక టీ దాన్నేం చేస్తదండి?" అన్నాడు సుబ్బరాజు.

"పోయింది కాబట్టే రాజుగారూ. మళ్లీ మొదట్నుంచి ఒంటికి ఐరన్ పట్టించాలి."

పది నిమిషాలయ్యాక టీ తాగాడు. చల్లారిపోయింది.