మూడో ఈల

ముందే చెప్పేస్తున్నాను, మా ఆయన లంచగొండి కాడు, తాగుబోతు కాడు, చెయ్యి చేసుకునే రకం అసలే కాడు. ఇరవై ఆరేళ్ళ సంసారంలో ఆయన మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. నేను నాలుగు మాటలు చెప్పబోతే రెండో మాటకే "సరే సరే, తెలిసింది" అంటాడు. ఏం తెలిసిందో ఆ దేవుడికే తెలియాలి. హెడ్ కానిస్టేబుల్ కదా, స్టేషన్‌కి వచ్చినవాళ్ళతోనూ అదే వరస.

అలాంటి మనిషికి పైవాళ్ళు పెట్టిన శిక్షణ ఏమిటనుకున్నారు? "ఫిర్యాదుదారు మాట వినుట." నలభై గంటల పాఠాలు ఫోన్‌లో, చివర్న శిక్షణ కేంద్రంలో ఒక ప్రత్యక్ష పరీక్ష. అది గట్టెక్కితేనే భుజం మీద నక్షత్రం. దాని కోసం పదకొండేళ్ళుగా కాచుకుని ఉన్నాడు, రెండుసార్లు తప్పాడు కూడా. ప్రత్యక్ష పరీక్ష జరిగే వారంలోనే, శుక్రవారంతో ప్రమోషన్ల జాబితా మూసేస్తారు. వచ్చే ఏడాదికి ఆయన వయసు దాటిపోతుంది.

"ఏమే, నువ్వు ఖాళీయే కదా, ఆ పాఠాలేవో కాస్త నొక్కి పెట్టు" అన్నాడు.

ఖాళీయేనట! ఒళ్ళు మండిపోయింది. అయినా నొక్కాను. పది నిమిషాలకోసారి ఫోన్ "అభ్యాసకుడు కళ్ళు ఆర్పవలెను" అనేది. అభ్యాసకుడేమో పక్క కుర్చీలో గురక. మోచేత్తో డొక్కలో ఒక్క పోటు పొడిచేదాన్ని. ఉలిక్కిపడి కళ్ళు తెరిచి, మళ్ళీ మూసేవాడు. ఫోన్‌కి అదే చాలు, "ధన్యవాదాలు" అనేది. అలా నలభై గంటలూ నేనే చదివాను. ఎదుటి మనిషి ఏడుస్తుంటే గడియారం చూడకూడదని, మాట మధ్యలో ఆగిపోతే తొందరపెట్టకుండా ఆగాలని, అన్నీ నేర్చుకున్నాను. నూటికి తొంభై ఎనిమిది వచ్చాయి, ఆయన పేరు మీద.

"తొంభై ఎనిమిది తెచ్చుకున్నా" అని పక్కింటివాళ్ళకి చెప్పుకున్నాడు. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే.

మంగళవారం ప్రత్యక్ష పరీక్ష. దానికి నన్ను వెంటబెట్టుకెళ్ళాడు. ఎందుకంటారా? దగ్గడానికి. "నువ్వు వెనక కిటికీ దగ్గర నిలబడు. నేను మాట్లాడాల్సినప్పుడు ఒకసారి దగ్గు. నోరు మూసుకోవాల్సినప్పుడు రెండుసార్లు" అన్నాడు.

శిక్షణ కేంద్రం హాల్లో ఒక ఉత్తుత్తి స్టేషన్ కట్టారు. నిజం స్టేషన్‌లో లేనివన్నీ అందులో ఉన్నాయి. మెత్తటి కుర్చీ, మూత పెట్టిన మంచినీళ్ళ గ్లాసు, కళ్ళు తుడుచుకోవడానికి కాగితం రుమాళ్ళ డబ్బా. శిక్షణ ఇచ్చే మేడమ్ మెడలో ఈల. పోలీసు పది నిమిషాలు ఫిర్యాదు విని కంప్యూటర్లో రాసుకోవాలి. మధ్యలో అడ్డుపడితే ఈల ఊదుతుంది. మూడో ఈల పడిందా, ఇంటికే.

ఫిర్యాదుదారుల వేషం వెయ్యడానికి రావాల్సిన నాటకాల వాళ్ళ వ్యాను దారిలో చెడిపోయిందట. దొరికినవాళ్ళని కూర్చోబెట్టి జరిపిన ముందువాళ్ళ పరీక్షల్లో అలవాటు కోసం రెండుసార్లు దగ్గి ఉన్నాను. మా ఆయన వంతు రాగానే మేడమ్ చూపు నా మీద పడింది.

"కిటికీ దగ్గర దగ్గుతున్న ఆవిడా, ఇలా రండమ్మా. ఈయనకి ఏదో ఒక ఫిర్యాదు చెప్పండి. పర్సు పోయిందనో, ఏదో ఒకటి. ఈయన మీకు ముందే తెలుసా?"

ఒక్క క్షణం ఆలోచించాను. "అంతంత మాత్రం" అన్నాను. అబద్ధమేమీ కాదు.

పర్సు గురించే చెబుదామని కూర్చున్నాను, ఒట్టు. కానీ మా ఆయన నీళ్ళ గ్లాసు నా ముందుకు జరిపి, "చెప్పండమ్మా, మీ సమస్య ఏమిటి?" అన్నాడు. పుస్తకంలో ఉన్న ముక్కే, నేనే నొక్కిన పాఠమే. అయినా ఆ నోటి నుంచి ఆ మాట వినేసరికి పర్సు సంగతి మరిచేపోయాను.

"మా ఆయన మీదండీ" అన్నాను.

"ఏయ్, ఏంటే ఇది..."

ఈల.

ఆయన ముఖం జేవురించింది. "నిందితుడి పేరు?" అన్నాడు పళ్ళు నూరుతూ. పేరు చెప్పాను. హోదా, బెల్టు నంబరు, స్టేషను కూడా చెప్పాను.

"నీకేమైనా పిచ్చి..."

రెండో ఈల.

మేడమ్ ముచ్చటపడిపోయింది. "ఎదురుగా ఉన్న పోలీసు మీదే ఫిర్యాదా! భలే ఎంచుకున్నారమ్మా. చక్కగా నటిస్తున్నారు, కానివ్వండి."

కానిచ్చాను. "నేను చెప్పేది ఆయన ఎప్పుడూ పూర్తిగా వినలేదు" అని మొదలుపెట్టి మిగిలిన ఎనిమిది నిమిషాలూ వదలకుండా చెప్పాను. ఆయన రెండు వేళ్ళతో టకటకా కొట్టుకుంటూ పోయాడు. దవడలు బిగించాడు, చెమటలు కక్కాడు, నోరు మాత్రం తెరవలేదు. మూడో ఈల పడలేదు. పాసయ్యాడు.

బుధవారం ఆయన స్టేషన్‌కి ఒక నోటీసు వచ్చింది. ఉత్తుత్తి కంప్యూటరు పాస్‌వర్డ్ గడువు తీరిపోతే మేడమ్ అసలు స్టేషన్లు వాడేదే తెరిచిందట. నా ఫిర్యాదు అచ్చంగా నమోదైపోయింది. ఫిర్యాదుదారు ఇల్లు ఏ స్టేషన్ కిందికి వస్తే విచారణ ఆ స్టేషన్‌దే, అది ఆయనదే. ఎవరు విచారించాలో కంప్యూటరే తేల్చింది, అందరిలోకీ సీనియర్ హెడ్ కానిస్టేబుల్ అని, అంటే ఈయనే. దొంగచేతికే తాళాలు.

ఇన్‌స్పెక్టర్ దగ్గరికి మా ఆయన పరుగెత్తితే ఆ పెద్దమనిషి చేతులెత్తేశాడట. "కంప్యూటర్ ఇచ్చింది, నేనేం చెయ్యనయ్యా? తుడిచెయ్యడం కుదరదు. నిజం, అబద్ధం అని రెండు గళ్ళున్నాయి. నిజమని పెడితే నీ పేరు జాబితాలోంచి ఎగిరిపోతుంది. అబద్ధమని పెట్టు, మీ ఆవిడతో సంతకం చేయించు, శుక్రవారంలోగా పారెయ్."

ఆ సాయంత్రం ఆయన ఫైలు తెచ్చి వంటింటి బల్ల మీద పడేశాడు. "ఇక్కడో సంతకం పెట్టు."

"వాంగ్మూలం తీసుకున్నారా?"

"వాంగ్మూలమేంటే నీ మొహం!"

"ఏడో పాఠం. ఫిర్యాదుదారు చెప్పింది పూర్తిగా వినకుండా నివేదిక రాయకూడదు. తొంభై ఎనిమిది తెచ్చుకున్నదాన్ని, నాకు తెలియదా?"

ఆయన నన్నూ, గోడనూ మార్చి మార్చి చూశాడు. తేలు కుట్టిన దొంగలా గింజుకుని, చివరికి కూర్చున్నాడు. చొక్కా జేబులోంచి డ్యూటీ ఈల తీసి నా ముందు పెట్టాడు. "అడ్డుపడితే ఊదు. త్వరగా కానీ."

టీ చల్లారేలోపు ఐదుసార్లు ఊదాను. పక్కింటి కుక్క మొరిగింది. ఆరోసారి ఊదే పని పడలేదు, ఎందుకంటే అప్పటికి మా అమ్మ సంగతికి వచ్చాను.

తొమ్మిదేళ్ళ కిందటి మాట. పొద్దున పదింటికి మా తమ్ముడు ఫోన్ చేశాడు, అమ్మకి బాగాలేదని. వెంటనే స్టేషన్‌కి ఫోన్ చేశాను. "రెండు ముక్కల్లో చెప్పు" అన్నాడు ఈయన. "అమ్మకి..." అన్నాను. "సరే, నోట్ చేసుకున్నా" అని పెట్టేశాడు. రెండు బస్సులు మారి ఒక్కదాన్నే వెళ్ళాను. అమ్మ పోయి అప్పటికే గంటయిందన్నారు.

అక్కడ నా మాట ఆగిపోయింది. ఆయన గడియారం చూడలేదు, తొందరపెట్టలేదు. పెన్ను పట్టుకుని అలాగే కూర్చున్నాడు. చాలాసేపటికి, "ఆ రోజు ఫోన్‌లో నువ్వు ఏం చెప్పబోయావు?" అని అడిగాడు.

"జీపులో తీసుకెళ్ళమని. నాకు భయంగా ఉందని."

రాసుకున్నాడు. ఒక్క అక్షరం వదలకుండా రాసుకుని, లేచి వెళ్ళి ముఖం కడుక్కున్నాడు.

గురువారం చొక్కా నిండా దుమ్ముతో ఇంటికొచ్చాడు. స్టేషన్ అటక మీద పాత డైరీలన్నీ తిరగేశాడట. వెంట తెచ్చిన తొమ్మిదేళ్ళ కిందటి డైరీ తెరిచి, ఆ తేదీ దగ్గర వేలు పెట్టి చూపించాడు. ఆయన చేతిరాతే. "ఉదయం పది నుంచి పన్నెండు వరకు విశేషాలు లేవు."

"ఏదో పెద్ద కేసు మీద ఉండి ఉంటాననే అనుకున్నా ఇన్నాళ్ళూ" అన్నాడు. ఆ వాక్యం మీంచి వేలు తియ్యలేదు. "ఏమీ లేదే. ఖాళీగానే కూర్చున్నా."

శుక్రవారం పొద్దున నివేదిక నా ముందు పెట్టాడు. నిజం అన్న గడిలో టిక్కు. ఎంత కోపముంటే మాత్రం, పదకొండేళ్ళ ఆశ కదా!

"నాకు చెప్పుకోవాలని ఉండింది, చెప్పుకున్నాను, అయిపోయింది. అబద్ధమనే పెట్టండి, సంతకం చేస్తాను. మీ నక్షత్రం పోతుందండీ!"

"తప్పుడు నివేదిక మీద సంతకమా? అది ఎన్నో పాఠంలో ఉంది?" అన్నాడు.

ఏడుస్తూనే సంతకం చేశాను.

పది రోజులకి ఒకే కవరులో రెండు కాగితాలు వచ్చాయి. మొదటిది మెచ్చుకోలు పత్రం: అతి క్లిష్టమైన కేసును ఏ ఒత్తిడికీ లొంగక, నిష్పక్షపాతంగా ఛేదించిన విచారణాధికారికి అభినందనలు. రెండోది శిక్ష: నేరం రుజువైనందున నిందితుడు నలభై గంటల శిక్షణను మళ్ళీ మొదటి నుంచి చేయవలెను. రెండింటి మీదా ఆయన పేరే.

మెచ్చుకోలు పత్రాన్ని ఆయన బీరువాలో పడేశాడు. ఆ సాయంత్రం ఫోన్ తీసుకుని వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాడు. "ఇటివ్వండి, నొక్కుతాను" అన్నాను. ఇవ్వలేదు. ఫోన్ కళ్ళు ఆర్పమంది, బుద్ధిగా ఆర్పాడు. మొదటి ప్రశ్నకే తప్పు జవాబు నొక్కాడు.

"ఎందుకు తప్పయింది?" అన్నాడు.

"రెండు ముక్కల్లో చెప్పేది కాదులెండి."

ఆయన ఫోన్ బోర్లా పెట్టాడు. జేబులోంచి ఈల తీసి నా వైపు జరిపి, కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"చెప్పు" అన్నాడు.