మగ్గు పిడి

మంగీలాల్ పాత ఫైలు తెరిచి, వేరే పేరు పెట్టి, పని మొదలుపెట్టాడు. పాల్వంచ రోడ్డు మీది ఆ ప్లాస్టిక్ సామాన్ల షెడ్డులో ఏ అచ్చునూ మొదటినుంచి గీయరు. సబ్బుపెట్టెకూ, మగ్గుకూ, మూతకూ కంప్యూటర్లో ఒక్కో మూల నమూనా ఉంటుంది. దాన్ని అందరూ స్టాండర్డ్ అంటారు. వైరా పార్టీ సబ్బుపెట్టె అడిగితే స్టాండర్డ్ తెరవాలి, ముందు పేరు మార్చి దాచాలి, తర్వాత కొలతలు మార్చాలి. ఒక అంకె మారిస్తే దానికి ముడిపడ్డ గీతలన్నీ వాటంతటవే జరుగుతాయి. మనిషి చేయాల్సింది తక్కువ. ఆ తక్కువనే అతను ఏళ్లుగా చేస్తున్నాడు.

పొట్టి మనిషి. తెరను చూసి చూసి మెడ ముందుకు వంగిపోయింది. కళ్ల కింద తోలు సంచుల్లా వేలాడుతోంది. చొక్కాకు గుండీ ఊడిన చోట పిన్నీసు ఉంది. కొత్తగూడెంలో ఐటీఐ చదివి, మొదట బల్ల మీద కాగితం పరిచి గీశాడు. తర్వాత కంప్యూటర్ వచ్చింది. అతన్ని ఎవరూ మెచ్చుకోలేదు, తిట్టనూ లేదు.

ఓనరు కొడుకు జగదీష్ చేతిలో మగ్గుతో లోపలికొచ్చాడు.

"అన్నా, ఈ పిడి చూసినవా? గింత పెద్దగ ఎందుకు? ప్లాస్టిక్ అంతా ఇదే తింటున్నది. సన్నం చెయ్యి."

"కొత్త ఫైలు చేస్త."

"కొత్తది వద్దు, స్టాండర్డ్‌లనే మార్చు. రెండు రకాలుంటే రేపు ఎవడో తప్పుది తెరుస్తడు."

"పాతది ఉండనియ్యి సార్."

"ఎందుకు, నీ పెండ్లి ఫొటోనా అది?" జగదీష్ నవ్వాడు. "పొద్దుగూకే లోపల కావాలె. పాత మోల్డు ఇప్పమని భద్రయ్యకు గూడ చెప్పిన."

మంగీలాల్ మగ్గు ఫైలు తెరవలేదు. మధ్యాహ్నం దాకా సబ్బుపెట్టెతోనే గడిపాడు.

ఆ పిడి హేమ్లిది. అతని భార్య. తండాలో చిన్నప్పుడు పొయ్యిలో పడి ఆమె కుడిచేతి మూడు వేళ్లు ఒకటిగా అతుక్కుపోయాయి. ఏ మగ్గు పిడిలోనూ ఆ వేళ్లు దూరేవి కావు. అంచు పట్టుకుని ముంచితే సగం నీళ్లు కాళ్ల మీదే పోయేవి. మంగీలాల్ ఏళ్ల తరబడి చూశాడు. పని లేని ఒక రోజు మగ్గు స్టాండర్డ్ తెరిచి, ఆమె చేతికి సరిపడా పిడి వెడల్పు చేసి చూశాడు. పేరు మార్చడం మరిచి, స్టాండర్డ్ మీదే దాచేశాడు. ఆ తర్వాత తయారైన అచ్చులోంచి వెడల్పు పిడి మగ్గులు రాలి పడుతుంటే గాని తప్పు తెలియలేదు. ఎవరూ అడగలేదు. అతనూ సరిచేయలేదు. ఒకటి ఇంటికి తెచ్చాడు.

హేమ్లి దాన్ని తిప్పి చూసింది. "దీంతోని ఎద్దుకు తాపుతవా?" అంది. మర్నాటి నుంచి దాంతోనే నీళ్లు ముంచింది. ఆ ఇంట్లో మంచి మాటలు చెప్పుకునే అలవాటు లేదు.

ఆమె జ్వరంతో పోయింది. దవాఖానాకు తీసుకుపోవడానికి ఆమె అన్న బద్యా ట్రాక్టరు ఇవ్వలేదు. బద్యా గడప మంగీలాల్ మళ్లీ తొక్కలేదు, తొక్కడు. పిల్లలు లేరు. ఫొటో ఎప్పుడూ దిగలేదు. ఆ మగ్గు కూడా తర్వాతి ఎండాకాలం పగిలింది. ఆమె చేతి కొలత మిగిలింది ఈ స్టాండర్డ్‌లోనే.

అన్నం దగ్గర జంపక్క ఎదురుగా కూర్చుంది. పినపాక అవతలి కోయగూడెం మనిషి. మగ్గుల అంచుకు మిగిలిన ప్లాస్టిక్‌ను బ్లేడుతో గీకడం ఆమె పని.

"అన్నా, ఈ పిడి గీసింది నువ్వేనట గదా? ఎలుక పిల్లల్ని ఎత్తుకొని దూరుతది దీంట్ల."

పక్కవాళ్లు పకపకా నవ్వారు.

"అవ్, ఎలుక కోసమే గీసిన" అన్నాడు మంగీలాల్.

ఇంకా నవ్వారు. "సన్నం చేస్తున్నరట. మంచిగైంది, నా చేతికి పని తగ్గుతది" అంది జంపక్క. ఆమె తప్పేమీ లేదు. అయినా అతనికి ఆమె మీద కోపం వచ్చింది, పోలేదు.

తిరిగొచ్చి మగ్గు స్టాండర్డ్ తెరిచాడు. పిడి అంకె తగ్గించాడు. తెర ఒకసారి వణికి, గీతలు దగ్గరికి జరిగాయి. వెనక్కి తిప్పాడు. మళ్లీ తగ్గించాడు. పాతదాన్ని వేరే పేరుతో దాచిపెట్టవచ్చు. కాని దసరాకు మిషన్లు కడిగేనాడు వాడని ఫైళ్లన్నీ జగదీష్ తుడిచేస్తాడు. ఎవరూ తెరవని ఫైలు ఉంటేనేం, పోతేనేం. ఈసారి మరుపు లేకుండా, తెలిసే దాచు గుర్తు మీద నొక్కాడు.

టూల్‌రూమ్‌లో ఫిట్టర్ భద్రయ్య పాత అచ్చు విప్పుతున్నాడు. పిడిలో ఖాళీ చోటు రావడానికి అడ్డం పెట్టే ఉక్కు దిమ్మను రాగి కడ్డీతో కొట్టి బయటికి తీశాడు.

"గింత దొడ్డుగ పెట్టినవేంది మంగన్నా? తుక్కుల ఎయ్యాల్నా?"

అచ్చు అప్పుడే మిషను మీంచి దిగింది. ఇనుము ఇంకా వెచ్చగా ఉంది. మంగీలాల్ దాన్ని చేతిలోకి తీసుకుని, మూడు వేళ్లు కలిపి దాని మీద ఆనించాడు.

"అన్నా?"

"నీ ఇష్టం" అని బల్ల మీద పెట్టేశాడు.

చేతులు కడుక్కుని టిఫిన్ డబ్బా తీసుకున్నాడు. జగదీష్ ఫోనులో మాట్లాడుతున్నాడు.

"రేపటి సంది నేను రాను సార్."

సరే పొమ్మన్నట్టు జగదీష్ చెయ్యి ఊపాడు. మాట విన్నాడో లేదో. మంగీలాల్ రోడ్డు దాటి మణుగూరు బస్సు ఎక్కాడు. అతను కిరాయికుండే గది అటువైపు కాదు. బస్సు టేకు చెట్ల మధ్యకు పోయింది.

మర్నాడు ఆ కుర్చీలో కోటేష్ అనే ఆపరేటర్ కూర్చున్నాడు. కుర్చీ ఎత్తు తనకు తగ్గట్టు పెంచుకున్నాడు. మగ్గు స్టాండర్డ్ తెరిచి, వేరే పేరు పెట్టి, పని మొదలుపెట్టాడు.

భద్రయ్య దిమ్మను తుక్కులో వేయలేదు. గాలికి టూల్‌రూమ్ కిటికీ రెక్క కొట్టుకుంటుంటే దానికి అడ్డం పెట్టాడు. మూడు వేళ్లంత వెడల్పున్న ఆ ఉక్కుముక్క మీద, నూనె జిడ్డుకు అడవి దుమ్ము కొద్దికొద్దిగా అంటుకుంటోంది.